రక్తపు క్యాన్సరు – నడుమ మానరాని మందు

పాతబస్తీనుండి నయాపూలు మీదుగా మూసీ దాటి, రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొనిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆస్పత్రికి చేరువారిలో పల్లెవాసులు ఎందరో కలరు. వారిలో కొందరిని పీడించు లుకేమియా అను రక్తపు క్యాన్సరును గూర్చి పంచాయతీ సభ్యులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మన ఎముకల మూలుగలో రక్తమునకు జన్మమిచ్చు జనకకణములు కలవు. అవి ఎదిగి ఎర్రకణములుగను, తెల్లకణములుగను మారవలెను. ఈ వ్యాధిలో పలుమారు, ఎదుగుదలకు తోడ్పడు జన్యువులపై మిథైల్ అను రసాయనపు ముద్ర పడును. జన్యువు చెడలేదు, దానికి తాళము పడినదంతే. కణము పసికణముగనే నిలిచి, తామరతంపరగా పెరుగును.

ఈ తాళము తీయు మందులలో అజాసైటిడిన్ ఒకటి. ప్రేగ్ శాస్త్రజ్ఞులు దీనిని 1964లో వెల్లడించిరి. 2013లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ దీని జనరిక్ మందును అమెరికాలో విడుదల చేసినది. కణము రెండుగా చీలునపుడు ఈ మందు కొత్త డి.ఎన్.ఏ. తంతువులో చేరి, ముద్రవేయు ఎంజైమును బంధించును. అందుచే పిల్లకణమునకు ముద్ర తగ్గును. కణము చీలనిదే మందు ఫలింపదు. కావుననే 28 దినములకొకమారు 7 దినములు చొప్పున, కొన్ని నెలలపాటు ఈయవలసియున్నది. తొలి నెలలో గుణము కానరాకపోగా రక్తకణములు ఇంకను తగ్గవచ్చును. "మందు పడలేదు" అని ఇంటివారు మానిపించుట ఇచ్చటనే. ఇది వ్యాధిని సమూలముగ తీయునని చెప్పలేము గాని, తీవ్రచికిత్సకు తాళలేని వృద్ధులలో పలువురికి ఆయువు పెంచును.

రెండవ నెల బస్సు ఖర్చులకు వెనుదీయు కుటుంబమేదో ఊరి సభ్యునికే ముందు తెలియును. మందు వాడువారికి జ్వరము తగిలినచో మరునాటివరకు ఆగక, ఆ పూటనే ఆస్పత్రికి చేర్పింపవలెను.