కూలెంట్ ఎక్కడికి పోతోంది? పాత కారు ఇంజన్‌లో కనిపించని లీకును పట్టుకునే పద్ధతి

ఫరీదాబాద్‌లో మే, జూన్ నెలల్లో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరుతుంది. బదర్‌పూర్ సరిహద్దు వైపు మథుర రోడ్డుపై ట్రాఫిక్ నిలిచిపోతే రేడియేటర్‌కు ఎదురుగాలి అందదు. ఇంజన్‌ను చల్లబరిచే భారమంతా ఫ్యాన్‌పైనా, కూలెంట్‌పైనా పడుతుంది. పది పన్నెండేళ్లు నడిచిన పెట్రోలు కారులో ఆ కూలెంటే వారం వారం తగ్గుతూ, నేల మీద మాత్రం చుక్క కనిపించకపోతే చాలామంది నీళ్లు పోసి నెట్టుకొస్తారు.

అయితే ద్రవ్య నిత్యత్వ నియమం కారుకూ వర్తిస్తుంది. తగ్గిన కూలెంట్ బయటికి కారుతూ ఉండాలి, లేదా ఆవిరిగా పోతూ ఉండాలి, లేదా ఇంజన్ లోపలికి చేరుతూ ఉండాలి. ఈ మూడింటిలో ఏది జరుగుతోందో వరుసగా తేల్చుకోవచ్చు.

మొదట కొలత

వేడెక్కిన ద్రవం వ్యాకోచిస్తుంది. అందుకే సాయంత్రం చూసిన మట్టాన్ని మర్నాటి ఉదయపు మట్టంతో పోల్చకూడదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, సమతలంగా ఉన్న ఒకే చోట బండి నిలిపి, ట్యాంకుపై గీత పెట్టాలి. వారం రోజుల పాటు మట్టాన్నీ, తిరిగిన కిలోమీటర్లనూ రాసుకుంటే తగ్గుదల వేగం తెలుస్తుంది. వేసవిలో కారు కింద కనిపించే రంగులేని నీటి చుక్కలు చాలావరకు ఏసీవే. కూలెంట్‌కు రంగు ఉంటుంది, వేళ్ల మధ్య జారుడుగా తగులుతుంది.

మూత చేసే పని

ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమపాళ్లలో కలిసిన కూలెంట్ మామూలు వాతావరణ పీడనం వద్ద సుమారు 107 డిగ్రీల వద్ద మరుగుతుంది. రేడియేటర్ మూతలోని స్ప్రింగ్ సుమారు ఒక బార్ అదనపు పీడనాన్ని నిలిపితే ఆ మిశ్రమం 125 డిగ్రీలు దాటే దాకా మరగదు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పనిచేసేదీ ఈ సూత్రంపైనే. స్ప్రింగ్ బలహీనపడినా, రబ్బరు వాషర్ గట్టిపడినా పీడనం నిలవదు. కూలెంట్ ముందే మరిగి ఆవిరిగా పోతుంది. అందుకే ఖరీదైన మరమ్మతుకు వెళ్లేముందు మూతను పరీక్షించాలి.

చల్లని ఇంజన్‌పై పీడన పరీక్ష

సన్నని లీకు నుంచి వచ్చే చుక్క వేడి లోహంపై పడగానే ఆవిరైపోతుంది, తెల్లటి లేదా రంగు మరక మాత్రమే మిగులుతుంది. మెకానిక్ చల్లని ఇంజన్‌కు చేతిపంపు బిగించి, మూతపై ముద్రించిన పీడనం వరకు గాలి కొడితే ఆ చుక్క ఆవిరి కాకుండా బయటపడుతుంది. హోస్ పైపుల క్లిప్పులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం, రేడియేటర్ అంచులు చూడాలి. పావుగంటలో ముల్లు పడిపోయినా బయట తడి కనిపించకపోతే ముందు సీటు కింది కార్పెట్ తడిమి చూడాలి. అక్కడ తడి, కారులో తియ్యటి వాసన ఉంటే హీటర్ కోర్‌ను అనుమానించాలి. అదీ పొడిగా ఉంటే కూలెంట్ ఇంజన్ లోపలికే పోతూ ఉండవచ్చు.

నీలం పసుపైతే

చాలా ఇంజన్లలో బ్లాక్ పోత ఇనుముతో, హెడ్ అల్యూమినియంతో ఉంటాయి. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేల సార్లు వేడెక్కి చల్లారేసరికి మధ్యలోని హెడ్ గ్యాస్కెట్ నలిగిపోతుంది. ఆ సందులోంచి సిలిండర్ వాయువులు కూలెంట్‌లోకి చొరబడతాయి.

దీన్ని పట్టడానికి బ్రోమోథైమాల్ బ్లూ ద్రావణం వాడతారు. నడుస్తున్న ఇంజన్‌లో కూలెంట్ పైనున్న గాలిని ఆ ద్రావణం గుండా లాగుతారు. మామూలు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే. పెట్రోలు దహన వాయువుల్లో అది సుమారు 13-14 శాతం. ఆ వాయువు నీటిలో కలిసి ఆమ్లంగా మారగానే నీలం ద్రావణం పసుపవుతుంది. రంగు మారకపోయినంత మాత్రాన గ్యాస్కెట్ బాగున్నట్లు కాదు. కొన్ని పగుళ్లు ఇంజన్ బాగా వేడెక్కాకే తెరుచుకుంటాయి.

జనవరి ఉదయం పొగగొట్టం నుంచి వచ్చే తెల్లటి ఆవిరి సహజమే. ఇంజన్ వేడెక్కాక కూడా అది ఆగకపోయినా, ఆయిల్ కొలిచే కడ్డీపై పాలమీగడలాంటి పూత కనిపించినా బండి నడపకూడదు.

నీళ్లు పోస్తే సరిపోదా?

కూలెంట్ మట్టం ఉష్ణోగ్రత సెన్సర్ కన్నా కిందికి పడితే, సెన్సర్‌కు ద్రవం బదులు ఆవిరి తగులుతుంది. ఇంజన్ మాడిపోతున్నా ముల్లు చల్లగానే చూపించవచ్చు. ఈలోగా హెడ్ వంగిపోవచ్చు. బోరు నీటిలోని లవణాలు రేడియేటర్ సన్నని గొట్టాల్లో పొలుసులా పేరుకుంటాయి. తప్పనిసరైతే కూలెంట్‌లో కలపడానికి స్వేదనజలం వాడాలి.

వేడి ఇంజన్‌పై మూత తీయకూడదు. పీడనం తొలగగానే ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖంపైకి చిమ్ముతుంది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కారిన కూలెంట్‌ను పిల్లలకూ, వీధి కుక్కలకూ అందకుండా వెంటనే శుభ్రం చేయాలి.