నడిచే దీపం

తెలుగు పల్లెలలో చాలా ఇళ్ళ వాకిలి తలుపు పక్కన గోడకు ఒక మేకు ఉంటుంది. గొడుగు, తువ్వాలు, వాటితో పాటు నూలుతాడు కట్టిన ఒక టార్చిలైటు ఆ మేకుకు వేలాడుతూ ఉంటాయి. ఇంటి యజమాని సాయంత్రం పొలానికి బయలుదేరుతూ, చెప్పులలో కాళ్ళు పెడుతూనే చేతిని ఆ మేకు వైపు సాచుతాడు. పొద్దు కుంకక ముందే తిరిగి వస్తానన్న నమ్మకం ఉన్నప్పటికీ దానిని విడిచి వెళ్ళడు. ఒకవేళ మరచిపోతే ఇల్లాలు కేక వేసి గుర్తుచేస్తుంది. బయలుదేరిన మనిషిని వెనుక నుండి పిలవడం అపశకునమని నమ్మే ఇళ్ళలో సైతం ఈ ఒక్క వస్తువు విషయంలో ఆ నియమానికి సడలింపు ఉంటుంది.

ప్రతిదినమూ వెంట తీసుకొని వెళ్ళినా, అనేక దినాలు ఒక్కసారి కూడా వెలిగించే అవసరం రాకపోవచ్చు. అయినా మనుషులు దానిని మోస్తూనే ఉన్నారు. ఆ అలవాటు వెనుక ఉన్న కారణాలను పరిశీలిస్తే వాటిలో కొన్ని సౌకర్యానికి, మరికొన్ని ప్రాణానికి సంబంధించినవని తెలుస్తుంది.

దీపాలలో నిలిచి ఉండేవి కొన్ని, కదిలేవి కొన్ని. గడప మీద పెట్టిన దీపం ఇంటి లోపలికీ, వెలుపలికీ ఏకకాలంలో వెలుగునిస్తుంది. ఒకే మాట రెండు వైపులా అన్వయించే సందర్భాలకు మన పూర్వులు దీనినే ఉపమానంగా గ్రహించి 'దేహళీదీప న్యాయం' అన్నారు. అయితే గడప దాటి పది అడుగులు వేసినవాడికి ఆ దీపం ఉపకరించదు. అతనికి కావలసినది తనతో పాటు నడిచే దీపం. కదిలే దీపానికి సాహిత్యంలో శాశ్వతమైన స్థానం కల్పించినవాడు కాళిదాసు. రఘువంశ కావ్యం ఆరవ సర్గలో ఇందుమతి స్వయంవర మంటపంలో ఒక్కొక్క రాజును దాటి ముందుకు సాగడాన్ని, రాత్రివేళ రాజమార్గంలో కదిలే దీపశిఖతో ఆయన పోల్చాడు. ఆమె సమీపించిన రాజు ముఖం వెలుగుతుంది; ఆమె దాటిపోగానే, దీపం వెళ్ళిపోయిన వీధిలోని భవనం వలె చీకటి కమ్ముతుంది. ఈ ఉపమ వల్లనే ఆయనకు 'దీపశిఖా కాళిదాసు' అనే ప్రశస్తి లభించింది. కావ్యసౌందర్యాన్ని కాసేపు పక్కన పెట్టి చూస్తే, చేతిదీపానికి ఉన్న ముఖ్య లక్షణం ఇందులో కనిపిస్తుంది. అది ఎక్కడికి వెళితే అక్కడే వెలుగు. దాని వెనుక మళ్ళీ చీకటే.

టార్చిలైటు రాక పూర్వం ఈ పని దివిటీలు, కాగడాలు, తరువాతి కాలంలో కిరసనాయిలు లాంతర్లు చేశాయి. కాగడాకు నూనె పోస్తూ ఉండాలి. దానిని మోయడానికి ఒక మనిషి ప్రత్యేకంగా కావాలి. లాంతరు గాలికి తట్టుకుంటుంది గానీ, దాని వెలుగు నాలుగు దిక్కులకూ చెదరిపోతుంది. పైగా మోసేవాడి కళ్ళకే ముందుగా తగిలి, ఎదుట ఉన్నదానిని మసకబారుస్తుంది. గడ్డివాము సమీపంలో నిప్పుతో కూడిన ఏ దీపమైనా ప్రమాదకరమే.

ఈ ఇబ్బందులకు పరిష్కారం పొడి బ్యాటరీతో లభించింది. ఫ్రాన్సు దేశీయుడైన లెక్లాంషే 1866లో రూపొందించిన విద్యుత్ ఘటంలో ద్రవం ఉండేది కనుక దానిని అటూ ఇటూ వంచడానికి వీలుండేది కాదు. జర్మనీకి చెందిన గాస్నర్ అనే వైద్యుడు 1886లో ఆ ద్రవాన్ని ముద్దగా మార్చి, జింకు డబ్బాలో బిగించి పొడి ఘటాన్ని తయారుచేశాడు. ఇటువంటి ఘటాలను ఒక గొట్టంలో వరుసగా పేర్చి, ముందు భాగంలో చిన్న బల్బునూ, దాని చుట్టూ అద్దంలా మెరిసే గిన్నెనూ అమర్చిన సాధనానికి 1899 జనవరిలో అమెరికాలో డేవిడ్ మిసెల్ పేరిట పేటెంటు మంజూరైంది. రష్యా సామ్రాజ్యం నుండి వలస వచ్చిన కాన్రాడ్ హ్యూబర్ట్ అనే వ్యాపారి తన సంస్థ ద్వారా దానిని విక్రయించాడు. తొలి నమూనాలు కొన్ని న్యూయార్క్ నగర పోలీసుల చేతికి చేరాయి. ఆనాటి బ్యాటరీలు బలహీనమైనవి కావడంతో బల్బు ఎక్కువసేపు వెలిగేది కాదు. క్షణకాలం మెరిసి, విశ్రాంతి కోరేది. అమెరికన్లు దానిని 'ఫ్లాష్‌లైట్' అని పిలవడానికి కారణం అదే. ఇంగ్లండులో మాత్రం కాగడాకు ఉన్న పాత పేరే, 'టార్చి' అన్న పేరే, దీనికీ సంక్రమించింది. తెలుగువారు ఆంగ్లేయుల మాటను గ్రహించి దానికి లైటు చేర్చి 'టార్చిలైటు' అన్నారు. పల్లెలలో అంతకంటె సూటిగా 'బ్యాటరీ లైటు' అన్నారు. వెలుగు ఎక్కడి నుండి వస్తున్నదో పేరులోనే చెప్పిన ఈ రెండవ పేరు మొదటిదానికంటె అర్థవంతమైనది.

దాని నిర్మాణం సులభమైనదే. ఒక్కొక్క ఘటం ఒకటిన్నర వోల్టుల శక్తినిస్తుంది. రెండింటిని ఒకదాని తల మరొకదాని అడుగుకు తగిలేలా పేర్చితే మూడు వోల్టులు, మూడింటిని పేర్చితే నాలుగున్నర వోల్టులు లభిస్తాయి. బల్బు చుట్టూ ఉన్న గిన్నె ఆకారం పరావలయం. ఆ ఆకారపు కేంద్రబిందువు వద్ద బల్బు ఉన్నప్పుడు, గిన్నెకు తగిలిన కిరణాలన్నీ సమాంతరంగా ముందుకు ప్రసరిస్తాయి. అందుచేతనే చిన్న బల్బు వెలుగు కూడా దూరంలో ఉన్న చెట్టు కొమ్మ వరకు చేరుతుంది.

ఈ వస్తువు చుట్టూ మన గ్రామీణులు ఒక చిన్న శాస్త్రాన్నే అల్లుకున్నారు. మూలపడిన బ్యాటరీలను ఎండలో పెట్టి మరి కొన్ని రాత్రులు వాడుకోవడం అందరికీ తెలిసినదే. ఇది మూఢనమ్మకం కాదు. ఘటం పనిచేస్తున్నప్పుడు కార్బన్ కడ్డీ చుట్టూ పేరుకొనే వాయువును మాంగనీసు డయాక్సైడు క్రమంగా తొలగిస్తుంది. విశ్రాంతి ఆ పనికి వ్యవధిని, వేడి దానికి వేగాన్ని ఇస్తాయి. ప్రయాణంలో సంచిలో ఉన్న టార్చి మీట ఒత్తుకొని తనంతట తానే వెలిగిపోకుండా, చివరి బ్యాటరీని తలకిందులుగా పెట్టడం మరొక ఉపాయం. చాలాకాలం వాడని టార్చిలో జింకు డబ్బా తినివేయబడి జిగురు కారుతుందనీ, అందువల్ల బ్యాటరీలను బయటకు తీసి ఉంచాలనీ అనుభవజ్ఞులకు తెలుసు. ఆ మాట వినని ఇళ్ళలో తుప్పు పట్టిన టార్చి ఒకటైనా అటక మీద దొరుకుతుంది.

ఇక అసలు విషయానికి వస్తే, తెలుగు రైతుకు టార్చిలైటు విలాసం కాకపోవడానికి ప్రధాన కారణం నీరు. బోరుబావుల మీద ఆధారపడిన మెట్ట ప్రాంతాలలో నీరు రావాలంటే కరెంటు రావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. అయితే అది రోజుకు కొన్ని గంటలపాటు, అనేక చోట్ల పగలు కొంత, రాత్రి కొంత అనే విడతలలో లభించేది. త్రీఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రి ఒంటిగంటకో వస్తే, రైతు ఆ వేళకే లేచి పొలానికి వెళ్ళి మోటారు వేయాలి. మడవ తిప్పి, ఒక మడి నిండిన తరువాత మరొక మడికి నీరు మళ్ళించాలి. రాత్రి విద్యుత్తు రైతుకు ఉచితంగానే వచ్చింది గాని, దానిని అందుకోవడానికి అతడు చెల్లించిన మూల్యం ఏ బిల్లులోనూ నమోదు కాలేదు. తడిచేతులతో స్టార్టరు డబ్బా తాకి కొందరు, గట్టు మీద పాముకాటుకు గురై మరికొందరు ప్రాణాలు కోల్పోయారు.

మసక వెలుతురులో తాడును చూసి పామని భ్రమించడం అద్వైత వేదాంతులకు ప్రియమైన ఉదాహరణ. దానినే రజ్జుసర్పభ్రాంతి అంటారు. దీపం తెచ్చి చూడగానే ఆ భ్రాంతి తొలగి, భయం నశిస్తుంది. పొలంలో నడిచే మనిషి ప్రాణం తీసేది ఇందుకు విపర్యయమైన భ్రాంతి. అక్కడ అతడు తాడనో, నీటి పైపనో అనుకొని పామును తొక్కుతాడు. వేదాంతి దీపం భయాన్ని పోగొడితే, రైతు దీపం అవసరమైన భయాన్ని సకాలంలో కలిగిస్తుంది.

2020లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం 2000 నుండి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించారు. అనగా ఏడాదికి సగటున 58 వేల మంది. వారిలో సుమారు సగం మంది జూన్ నుండి సెప్టెంబరు వరకు, అంటే దుక్కులు, నాట్లు సాగే వానాకాలంలో మరణించినవారే. మరణాలు అధికంగా నమోదైన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు జాతులు ఈ విషాదంలో ముఖ్య పాత్ర వహిస్తున్నాయి. వీటిలో కట్లపాము పూర్తిగా నిశాచరి. నేల మీద నిద్రిస్తున్నవారిని కూడా అది కాటు వేస్తుంది. ఆ కాటు నొప్పి దాదాపు తెలియదు. కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైన తరువాత గాని ఇంటివారికి అనుమానం కలగదు. రక్తపింజర వరిచేలలో, గడ్డికుప్పల మధ్య కదలక పడి ఉంటుంది. ఎండుటాకుల రంగులో కలిసిపోయే దాని ఒంటి మచ్చలు వెన్నెలలో సైతం కనబడవు.

టార్చి వెలుగుకు పాము పారిపోతుందని కొందరు నమ్ముతారు. అది సరికాదు. వెలుగు పామును తరమదు. దానిని మనిషికి చూపుతుంది, అంతే. అందువల్ల వెలుగును దూరపు చెట్ల మీదికి కాక, తరువాతి అడుగు పడబోయే చోటికి ప్రసరింపజేయాలి. దానితో పాటు చేతికర్రతో నేలను తాటిస్తూ నడవడం, మడమలు కప్పే చెప్పులు ధరించడం మంచిది. కాటు పడినప్పుడు గాయాన్ని కోయడం, బిగించి కట్టడం, మంత్రగాని కోసం ఎదురుచూడడం ప్రాణాంతకం. కాటుపడిన అవయవాన్ని కదలనివ్వకుండా ఆసుపత్రికి తరలించడమే కర్తవ్యం. అక్కడ లభించే విషవిరుగుడు మందు పైన చెప్పిన నాలుగు జాతుల విషాలకూ పనిచేస్తుంది.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ పగటివేళ తొమ్మిది గంటల సరఫరాను విధానంగా ప్రకటించారు. రాత్రి మోటారు వేయవలసిన అవసరం ఈ మార్పులతో తగ్గింది. అయినా మేకుకు వేలాడే టార్చి అక్కడే ఉన్నది. కాలువ చివరి భూములకు నీటి వంతు వేళాపాళా చూడదు. వేరుశనగ చేలను అడవిపందుల నుండి కాపాడుకోవాలంటే మంచె మీద మేలుకొని ఉండక తప్పదు. మరుగుదొడ్డి ఇంటికి దూరంగా ఉన్న చోట స్త్రీలకు, వృద్ధులకు రాత్రివేళ అది తోడు.

పొలం వెలుపల కూడా దీనిని నిత్యం మోసేవారున్నారు. వానాకాలపు రాత్రులలో రైలు పట్టాల వెంబడి కాలినడకన గస్తీ తిరిగే రైల్వే కార్మికుడు, పట్టా కింద మట్టి కొట్టుకుపోయిందేమో టార్చి వెలుగులోనే పరిశీలిస్తాడు. వైద్యుని జేబులోని పెన్‌టార్చి రోగి కంటిపాప వెలుగుకు ముడుచుకుంటున్నదో లేదో చెబుతుంది. తలకు దెబ్బ తగిలినవాని విషయంలో ఆ చిన్న పరీక్ష ఎంతో ముఖ్యం.

ప్రతి సెల్‌ఫోనులోనూ దీపం ఉన్నప్పుడు వేరుగా టార్చి ఎందుకని నేటి యువత ప్రశ్నించడం సహజం. నిజానికి ఫోనులోని దీపమూ, నేటి టార్చిలోని దీపమూ ఒక జాతివే. నీలికాంతినిచ్చే ఎల్.ఇ.డి. సాధ్యమైన తరువాతనే, దాని మీద పసుపుపచ్చ పూతతో తెల్లని వెలుగు పుట్టించడం వీలైంది. ఆ నీలికాంతి సాధకులైన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తీగ కాలి వెలిగే పాత బల్బు తన శక్తిలో అధిక భాగాన్ని వేడిగా వృథా చేసేది, ఎల్.ఇ.డి. ఆ వృథాను ఎంతో తగ్గించింది. కాని ఫోనుకు పరావలయపు గిన్నె లేదు. దాని వెలుగు దగ్గరలోనే పరచుకొని ఆగిపోతుంది, గట్టు చివరకు చేరదు. బురదలో జారితే ఫోను విలువ గుర్తుకు వచ్చి మనిషి దానినే కాపాడుకోవాలని చూస్తాడు గాని, తన అడుగును కాదు. అన్నిటికీ మించి, ఆపదలో కబురు పంపవలసిన సాధనపు శక్తిని దారి చూసుకోవడానికి ఖర్చు చేయడం వివేకం అనిపించుకోదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణాన్ని తాకినప్పుడు మహానగరమే ఈ సంగతి గ్రహించింది. విద్యుత్ స్తంభాలు వేల సంఖ్యలో నేలకూలాయి. అనేక ప్రాంతాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. చార్జింగుకు దారిలేక ఫోన్లు మూగబోయాయి. బహుళ అంతస్తుల భవనాలలో లిఫ్టులు ఆగిపోగా, నీళ్ళ బిందెలతో చీకటి మెట్లు ఎక్కిదిగిన కుటుంబాలకు ఏ అలమరలోనో మిగిలిన పాత టార్చి, అంగట్లో దొరికిన రెండు బ్యాటరీలు ఆధారమయ్యాయి. తీరప్రాంతపు పల్లెలవారికి మాత్రం ఇది కొత్త కాదు. తుపాను హెచ్చరిక వినగానే వారు బియ్యం, అగ్గిపెట్టె, ఇంటి కాగితాలతో పాటు టార్చిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మెడకు తగిలించుకొనేందుకు తాడు గట్టిగా ఉన్నదో లేదో లాగి చూసుకుంటారు.

ప్రశ్నలు

'రైతు దీపం అవసరమైన భయాన్ని సకాలంలో కలిగిస్తుంది' – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.

రాత్రివేళ విద్యుత్ సరఫరా రైతు జీవితంపై చూపిన ప్రభావాన్ని విశదీకరించండి.

కాళిదాసు ఉపమకూ, చేతిదీపానికీ గల పోలికను వివరించండి.

మీ ఊరిలో రాత్రివేళ టార్చిలైటుతో తిరిగేవారు ఎవరెవరో, ఎందుకో అడిగి తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.