ఎలుక బొమ్మ గీసిందెవరు? – వాల్ట్ డిస్నీ జీవితం

మా హాస్టల్ హాలులో టి.వి.లో మిక్కీ మౌస్ వస్తే ఆరో తరగతి పిల్లల నుండి పదో తరగతి అన్నల వరకు అందరం చేరిపోతాము. ఆ ఎలుకను గీసిందెవరని మా వార్డెన్ సార్ అడిగితే అందరం ఒకే పేరు చెప్పాము: వాల్ట్ డిస్నీ. ఆ జవాబు సగమే సరియైనదని ఈ వ్యాసం కోసం చదివినప్పుడు మాకు తెలిసింది.

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబర్ 5న అమెరికాలోని చికాగో నగరంలో జన్మించారు. బాల్యంలో కొన్నేళ్లు మిస్సోరి రాష్ట్రంలోని మార్సెలిన్ అనే చిన్న ఊరిలో, పొలం మీద గడిచాయి. తండ్రికి జబ్బు చేసి పొలం అమ్ముకోవలసి వచ్చింది. కుటుంబం కాన్సాస్ సిటీకి చేరింది. అక్కడ తండ్రి దినపత్రికలు పంచే పని తీసుకున్నారు. తొమ్మిదేళ్ల వాల్ట్, అన్న రాయ్ తెల్లవారకముందే లేచి మంచులో ఇల్లిల్లూ తిరిగి పేపర్లు వేసేవారు. ఏదో ఇంటికి పేపరు వేయడం మరిచిపోయినట్లు పెద్దయ్యాక కూడా కలలు వచ్చేవని ఆయన చెప్పుకున్నారు. వేసవి సెలవుల్లో పేపర్లు వేసినవాళ్లు మాలో ముగ్గురున్నారు. వాళ్లకు ఈ భాగం విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

కాన్సాస్ సిటీలో 1922లో పెట్టిన మొదటి బొమ్మల కంపెనీ మరుసటి ఏడే దివాలా తీసింది. డిస్నీ హాలీవుడ్‌కు వెళ్లి, 1923 అక్టోబర్ 16న అన్నతో కలిసి కొత్త స్టూడియో ప్రారంభించారు. 1927లో ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మకు మంచి పేరు వచ్చింది. 1928 ఆరంభంలో ఇంకొంచెం డబ్బు అడుగుదామని న్యూయార్క్ వెళితే, పంపిణీదారు చార్లెస్ మింట్జ్ ఉన్నదే తగ్గిస్తానన్నాడు. ఒప్పంద పత్రం ప్రకారం కుందేలు హక్కులు యూనివర్సల్ కంపెనీవి. పైగా డిస్నీ దగ్గర పనిచేసే చిత్రకారులలో చాలామందిని మింట్జ్ అప్పటికే తన వైపు తిప్పుకున్నాడు. కష్టం ఒకరిది, కాగితం ఇంకొకరిది.

వెళ్లకుండా నిలిచినవారిలో ముఖ్యుడు ఉబ్ ఐవర్క్స్. మిక్కీ రూపం దిద్ది, తొలి చిత్రాల బొమ్మలు చాలావరకు గీసింది ఆయనే. కథ, నడక, గొంతు డిస్నీవి. మొదటి రెండు మూకీ మిక్కీ చిత్రాలను కొనేవారు దొరకలేదు. మూడవదైన 'స్టీమ్‌బోట్ విల్లీ'లో సంగీతాన్ని, శబ్దాలను బొమ్మ కదలికకు సరిగ్గా జతపరిచారు. 1928 నవంబర్ 18న న్యూయార్క్‌లో విడుదలై అది ఘనవిజయం సాధించింది.

తర్వాత 1937లో 'స్నో వైట్'. ప్రపంచంలో మొదటి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం ఇదేనని కొన్ని పుస్తకాలలో ఉంటుంది, అది పొరపాటు. జర్మనీలో లోటే రైనిగర్ అనే ఆమె 1926లోనే నీడబొమ్మలతో ఒక చిత్రం తీశారు. స్నో వైట్ నిడివి 83 నిమిషాలు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మేము లెక్క కట్టాము: 1,19,520 ఫ్రేములు! ఒక బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకోవడం ఉన్నా, పని కొండంత. మేము నోటుబుక్కు మూలన బంతి ఎగిరే బొమ్మలు 24 గీయడానికి ఒక సాయంత్రం స్టడీ అవర్ అంతా పట్టింది. పేజీలు తిప్పితే ఒక్క సెకనులో అయిపోయింది. సుమారు 15 లక్షల డాలర్లు ఖర్చయిన ఈ చిత్రాన్ని అందరూ పిచ్చిపని అన్నారు. జనం మాత్రం విరగబడి చూశారు. గీతలను సెల్యులాయిడ్ పలకలపైకి ఎక్కించి రంగులు నింపింది చాలావరకు ఆడవారు. వారి పేర్లు తెరపై కనిపించవు.

ఇక్కడే మాకు ఒక చిక్కు ఎదురైంది. ఆస్వాల్డ్ విషయంలో అన్యాయానికి గురైన మనిషి యజమాని అయ్యాక ఎలా ఉన్నారు? 1941 మే నెలలో జీతాల తేడాలు, పేర్లు వేయకపోవడం, యూనియన్ గుర్తింపు మీద ఆయన చిత్రకారులే సమ్మె చేశారు. గూఫీ బొమ్మకు ప్రాణం పోసిన ఆర్ట్ బాబిట్‌ను యూనియన్‌లో ముందున్నందుకు తొలగించారు. చివరకు స్టూడియో యూనియన్‌తో ఒప్పందం చేసుకోక తప్పలేదు. 1947లో డిస్నీ అమెరికా చట్టసభ సంఘం ముందు సమ్మె నాయకులను కమ్యూనిస్టులని పేర్లతో చెప్పారు. పిల్లల పుస్తకాలలో ఈ సంగతి ఉండదు. ఉండాలని మా అభిప్రాయం.

1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచారు. పోటీలో గెలిచిన ఆస్కార్లే 22 అందుకున్న డిస్నీ 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆయన స్టూడియో విద్య మన దేశానికీ వచ్చింది. అక్కడ పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి మనవారికి శిక్షణ ఇచ్చారు. 1957లో జాతక కథ ఆధారంగా 'బనియన్ డీర్' తయారైంది. ఆ బృందంలోని రామ్‌మోహన్ తర్వాత భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కు అయ్యారు. మా తమ్ముళ్లు ఇష్టపడే ఛోటా భీమ్ 2008లో మన హైదరాబాద్‌లోనే పుట్టాడు.

ఇక ఆ కుందేలు సంగతి. 2006లో డిస్నీ కంపెనీ తన టి.వి. క్రీడావ్యాఖ్యాత ఒకరిని యూనివర్సల్ వారి సంస్థకు వదిలిపెట్టి, బదులుగా ఆస్వాల్డ్‌ను తిరిగి తెచ్చుకుంది. డిస్నీ చనిపోయి అప్పటికి 40 ఏళ్లు. 'స్టీమ్‌బోట్ విల్లీ' నాటి మిక్కీపై కంపెనీ కాపీరైటు మాత్రం 2024 జనవరి 1తో అమెరికాలో ముగిసింది.