బటన్ వెనుక లెక్క



ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే రోజుల్లో చాలామంది చేసే తప్పు ఒకటి నేనూ చేశాను. దాని ఫలితం మాత్రం నేను కాక మరొకరు అనుభవించారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ప్రాజెక్టు పనిగా ఒక గ్రంథాలయానికి జరిమానా లెక్కగట్టే ప్రోగ్రాము రాశాను. గడువు దాటితే రోజుకు రూపాయి. తెరమీద ‘లెక్కించు’ బటన్ నొక్కగానే నడిచే భాగాన్ని ఈవెంట్ హ్యాండ్లర్ అంటారు. తేదీలు చదవడం, జరిమానా కట్టడం, మొత్తం చూపడం అన్నీ అందులోనే కుక్కేశాను. తరువాత ఎంటర్ కీ నొక్కినా లెక్క రావాలన్నారు. పరీక్షల ముందు బకాయిల జాబితా కూడా కావాలన్నారు. అవే పంక్తులు మరి రెండు చోట్ల అతికించాను. ప్రోగ్రాము బ్రహ్మాండంగా నడిచింది!

కొన్నాళ్లకు సెలవు రోజులకు జరిమానా వద్దన్నారు. రెండు చోట్ల దిద్దాను, జాబితా సంగతి మరిచాను. ఒక విద్యార్థి పుస్తకం 21 రోజులు ఆలస్యమైంది. అందులో 6 సెలవులు. కౌంటరులో అడిగిన 15 రూపాయలు కట్టేశాడు. జాబితా మాత్రం 6 రూపాయల బాకీ చూపింది. హాల్ టికెట్టు ఆగిపోయింది. రసీదు పట్టుకుని రెండు రోజులు తిరిగాడు, పాపం.

మరి చేయవలసిందేమిటి? జరిమానా లెక్కను విడిగా ఒక ఫంక్షన్‌గా రాయాలి. గడువు తేదీ, తిరిగిచ్చిన తేదీ, సెలవుల పట్టిక ఇస్తే అది రూపాయలు చెబుతుంది, అంతే. బటన్ గొడవ, తెర గొడవ దానికి అక్కరలేదు. హ్యాండ్లర్‌కు మిగిలేవి మూడే పనులు: విలువలు చదవడం, ఫంక్షన్‌ను పిలవడం, జవాబు చూపడం.

‘ఆ హ్యాండ్లర్‌నే అన్ని చోట్ల నుంచీ పిలిస్తే పోలేదా?’ అనవచ్చు. అప్పుడు లెక్కతోపాటు తెర కూడా వెంట వస్తుంది. వందమంది జాబితా తయారవుతుంటే, పేరుపేరుకూ ఒక సందేశం తెరమీదికొచ్చి ‘సరే’ నొక్కేవారి కోసం కాచుక్కూర్చుంటుంది!

ఇంకో లాభం, తెర తెరవకుండానే లెక్కను పరీక్షించవచ్చు. గడువు రోజునే ఇస్తే 0 రావాలి. శనివారం గడువైన పుస్తకం సోమవారం ఇస్తే, ఆదివారం పోను 1 రావాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని జిరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో 1979లోనే ట్రిగ్వే రీన్స్‌కౌగ్ ‘మోడల్-వ్యూ-కంట్రోలర్’ పద్ధతిలో అసలు విషయాన్ని, దాన్ని చూపే తెరను వేరుచేశారు.

నా ప్రోగ్రాములో ఇప్పుడా నియమం ఒక్కచోటే ఉంది. మీరూ బటన్ వెనుక లెక్క రాసే ముందు, ‘ఇది మరోచోట కావలసి వస్తుందా?’ అని ఒక్క క్షణం ఆలోచించండి. మన బద్ధకానికి జరిమానా ఇంకొకరు కట్టకూడదు కదా!