జపనీయము చదువుచున్న చిరంజీవికి

విజయవాడ, సత్యనారాయణపురము.

చిరంజీవి శారదకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము మొన్న చేరినది. జపనీయ పరీక్షలో ఎన్‌3 మెట్టు దాటితివని మీ పెద్దమ్మ ఇరుగుపొరుగులందరికిని చెప్పివచ్చినది. నేనును మిక్కిలి సంతసించితిని. కాని ప్రతి వాక్యమును మొదట ఇంగ్లీషులోనికి మార్చుకొని, పిమ్మట తెలుగు చేయుచున్నానని చివర తేలికగా వ్రాసిన ఆ ఒక్క మాట నాకు నిద్ర పట్టనీయలేదు.

ఆ పరీక్ష ఇచ్చిన సమాధానములలో ఒకదానిని గుర్తింపుమనునే కాని స్వయముగ ఒక్క వాక్యమైనను వ్రాయుమనదు. అందు నెగ్గినంత మాత్రమున అనువాదవిద్య అబ్బినదని తలపకుము తల్లీ. ‘నిన్న బెజవాడలో కొన్న పుస్తకము’ అనుటకు జపనీయులు ‘కినో బెజవాడ దె కత్త హొన్’ అని, మన విభక్తులవలెనే ప్రత్యయములను నామము వెనుక చేర్చి, మన వరుసలోనే పలుకుదురు. ఇంగ్లీషున పుస్తకము ముందునకు వచ్చి, బెజవాడయు నిన్నయు వెనుకబడును. ఇంత దగ్గరి పోకడ గల రెండు భాషల నడుమ, వరుసను తలక్రిందులు చేయు మూడవదానిని మధ్యవర్తిగ నిలుపుట యెందుకు? వారి భాషలో ఎదుటివాని తాహతును బట్టి క్రియయే రూపము మార్చుకొనును. మనకు నీవు, మీరు, తమరు కలవు. ఇంగ్లీషు గుండా పోయినచో ఆ మన్ననయంతయు ఒకే మాటలో కలిసిపోవును. ఒక్కచోట మాత్రము జాగ్రత్త వహింపుము: వారి క్రియ వచ్చినది పురుషుడో స్త్రీయో చెప్పదు, మన క్రియ ప్రథమపురుష ఏకవచనమున చెప్పక తప్పదు. అది జపనీయ మూలమును ముందు వెనుకలు చూచి నీవు తేల్చవలసినదే కాని ఇంగ్లీషు చేసిన ఊహను నమ్మి వ్రాయరాదు.

కండ్లు మండుచున్నవంటివి. రెండువేల పైచిలుకు కంజి అక్షరములను రాత్రివేళ సెల్‌ఫోనులో దిద్దకుము. పగటివేళ కాగితము మీద వ్రాయుము.

నా బాల్యమున బందరు కాలువ గట్టు మీది బడిలో మా పంతులుగారు భారతపద్యమును గట్టిగా చదివించి, ముందు క్రియను పట్టుకొనుమనియు, తరువాత ఎవరు, దేనిని, ఎచ్చట అని ప్రశ్నించుకొనుచు వెనుకకు రమ్మనియు నేర్పిరి. తప్పిన నాడు గోడకుర్చీ, ఒప్పిన నాడు జామకాయ. క్రియ చివర దాగియుండు జపనీయ దీర్ఘవాక్యమునకు ఈ అన్వయమార్గము కంటె మేలైనది నాకు తోచదు.

తెనాలి చక్రపాణిగారు క్షయరోగమునకై మదనపల్లె శానిటోరియమున నున్న దినములలో తోడి రోగివద్ద వంగభాష నేర్చి, శరత్ చంద్రుని నవలలను నేరుగా తెలుగు చేసిరి. రామమోహన గ్రంథాలయమున ఆ నవలలు చదివిన మా యీడువారిలో కొందరు శరత్తు తెలుగువాడేయని వాదించెడివారు. జపనీయమునకు అట్టివారు మనలో ఎందరమ్మా? 1981లో వెలువడిన తొత్తోచాన్ అను జపనీయ పుస్తకము మనకు రైలుబడి అను పేర తెలుగై ఇంటింటికి వచ్చినది. దాని జపనీయ మూలమును తెప్పించుకొని, తెలుగు ప్రతిని బీరువాలో పెట్టి, దినమునకొక పుట బిగ్గరగా చదువుము. మొదటి అధ్యాయమును నీ తెలుగులో వ్రాసి నాకు పంపుము. వేళకు భోజనము చేయుము. పెద్దమ్మ గోంగూర పచ్చడి సీసా పంపుచున్నది.

ఇట్లు,
నీ పెదనాన్న