తొడ ఎముక విరిగిన పసిబిడ్డకు పిండికట్టు: ఇంట్లో తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు



రెండవ సమూయేలు గ్రంథంలోని మెఫీబోషెతు సంగతి మన సంఘాల్లో అందరికీ తెలిసిందే. తండ్రి యోనాతాను యుద్ధంలో చనిపోయాడన్న వార్త రాగానే, అయిదేళ్ల ఆ పిల్లవాణ్ణి దాది ఎత్తుకుని పరుగెత్తింది. ఆ తొందరలో బిడ్డ పడి రెండు కాళ్లూ దెబ్బతిన్నాయి. జీవితాంతం కుంటివాడుగా ఉండిపోయాడు. పసిబిడ్డలను ఎత్తుకునే పని మాది కూడా గనుక, ఈ భాగం చదివినప్పుడల్లా మా నర్సులకు ఆ దాదే గుర్తుకొస్తుంది. గ్రంథం ఆమెను ఒక్క మాటతోనైనా నిందించలేదు.

తొడ ఎముక విరిగిన బిడ్డతో మా వార్డుకు వచ్చే తల్లి ముఖంలో ఆ కంగారే కనిపిస్తుంది. మెట్ల మీద జారాడనో, మోటారు సైకిలు తగిలిందనో చెబుతుంది. "నువ్వు సరిగా చూసుకోకపోబట్టే" అని వెనక ఎవరో అంటూనే ఉంటారు. ఆ మాటలు ఆపించి మేము మొదట చెప్పేది ఇది: అయిదేళ్లలోపు బిడ్డకు తొడ ఎముక విరిగితే చాలావరకు ఆపరేషను లేకుండానే అతుక్కుంటుంది. బిడ్డ మళ్లీ పరుగెత్తుతాడు. అయితే డాక్టరుగారు కట్టు వేసేది గంటసేపట్లో, ఆ కట్టును కాపాడవలసినది ఇంట్లోవారు, నెలన్నర పాటు. ఈ పాఠమంతా ఆ కాపాడటం గురించే.

దెబ్బ తగిలిన వెంటనే

బిడ్డను నిలబెట్టి చూడకండి, కాలు లాగకండి, నూనె రాసి తోమకండి. రెండు కాళ్ల మధ్య మడిచిన దుప్పటి పెట్టి, కాళ్లు రెండూ కలిపి మెత్తని గుడ్డతో వదులుగా కట్టి, చాప మీదో బల్ల మీదో పడుకోబెట్టి తీసుకురండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి.

ముందు నాటు కట్టు కట్టించి, వాపు తగ్గకపోతే ఆసుపత్రికి రావడం మన ప్రాంతాల్లో ఇంకా ఉంది. నాటు కట్టయినా, ఆసుపత్రి కట్టయినా, వాచిన కాలి మీద బిగుసుకుంటే రక్తం ఆడదు. కొన్ని గంటల్లోనే కండరాలు చచ్చిపోతాయి. విరిగిన ఎముకకంటే బిగిసిన కట్టే ఎక్కువ ప్రమాదమని గుర్తుంచుకోండి.

దెబ్బ ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ముఖ్యంగా ఇంకా నడక రాని బిడ్డకు తొడ ఎముక విరిగితే డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు అడుగుతారు. అది మీమీద నేరం మోపడానికి కాదు. కొన్నిసార్లు ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు బయటపడుతుంది. కొన్నిసార్లు ఇంట్లో ఎవరో బిడ్డను కొట్టారని తెలుస్తుంది. అలాంటప్పుడు ఎముకతో పాటు బిడ్డనూ కాపాడాలి.

ఏ వయసుకు ఏ వైద్యం

ఆరు నెలల లోపు శిశువుకు మెత్తని పట్టీలతో కాళ్లు మడిచి ఉంచితే చాలు. సుమారు ఆరు నెలల నుండి అయిదేళ్ల వరకు పిండికట్టు వేస్తారు. కొందరికి దానికి ముందు కొద్దిరోజులు కాలికి బరువు కట్టి పడుకోబెడతారు. అయిదారేళ్లు దాటిన పిల్లలకు ఎముక లోపల వంగే సన్నని కడ్డీలు పెట్టడం ఎక్కువ. పెద్ద పిల్లలను కట్టులో ఉంచడం కష్టం, ఎముక అతకడానికీ వారికి ఎక్కువ కాలం పడుతుంది.

తొడకు వేసే కట్టును స్పైకా అంటారు. లాటిను భాషలో ఆ మాటకు కంకి అని అర్థం. నడుము దగ్గర పట్టీ అటూ ఇటూ దాటుతూ చుట్టుకోవడం గోధుమ కంకిలా కనిపిస్తుంది. ఇది రొమ్ము కింది నుండి మొదలై, విరిగిన కాలికి కింది దాకా, రెండో కాలికి మోకాలి పైదాకా వస్తుంది. కొందరికి ఒక్క కాలికే వేస్తారు. కాళ్ల మధ్య కర్ర ఉండవచ్చు. దాన్ని పట్టుకుని బిడ్డను ఎప్పుడూ ఎత్తకండి, కట్టు విరుగుతుంది.

ఎముక అతకడానికి నెలల శిశువులకు రెండు మూడు వారాలు, మూడేళ్లలోపు వారికి నాలుగు నుండి ఆరు వారాలు, అయిదేళ్లవారికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది.

మేము నేర్చుకున్న పాఠం

కొన్నేళ్ల క్రితం మూడేళ్ల పాపకు కట్టు వేసి ఇంటికి పంపాము. తల్లికి మందుల చీటీ ఇచ్చాము, మళ్లీ రావలసిన తేదీ చెప్పాము. మూత్రం సంగతి మాత్రం వివరంగా చెప్పలేదు. వాళ్లు తిరిగి వచ్చేసరికి కట్టు లోపల తడిసి, మెత్తబడి, వాసన వేస్తోంది. తీసి చూస్తే పిరుదుల దగ్గర చర్మం ఊడి పుండు పడింది. వాసన వారం ముందే వచ్చిందట. "మురికిగా ఉంచానని తిడతారని భయపడి రాలేదు సిస్టరమ్మా" అని ఆ తల్లి ఏడ్చింది. తప్పు ఆమెది కాదు, చెప్పకుండా పంపిన మాది. పాపకు మళ్లీ మత్తు ఇచ్చి కొత్త కట్టు వేయవలసి వచ్చింది.

అప్పటినుండి, తల్లి తన చేతులతో రెండుసార్లు డైపరు మార్చి చూపిస్తేగాని మేము ఇంటికి పంపము. నాన్నకు, నాయనమ్మకు, అమ్మమ్మకు కూడా నేర్పుతాము. ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

ఇంట్లో చేయవలసినవి

ఆరడం: పి.ఓ.పి. కట్టు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఫైబరు కట్టు త్వరగా గట్టిపడుతుంది. ఆరేదాకా దుప్పటి కప్పకండి. వేళ్లతో నొక్కకుండా అరచేతులతో ఎత్తండి. వేళ్ల గుంటలు లోపల చర్మాన్ని ఒత్తి పుండు చేస్తాయి. నిప్పు సెగ చూపకండి. గాలి చాలు.

మూత్రం, విరేచనం: చిన్న డైపరును మడిచి కట్టు అంచు లోపలికి దోపండి. దానిపైన కట్టు బయటినుండి పెద్ద డైపరు వేయండి. డైపర్లు కొనలేనివారు మెత్తని పాత నూలుగుడ్డ మడతలు వాడవచ్చు, తడవగానే తీయాలి. పగలు రెండు గంటలకు, రాత్రి మూడు నాలుగు గంటలకు ఒకసారి చూడండి. అంచుల చుట్టూ పాలిథిన్ ముక్కలు టేపుతో అంటించండి. తల వైపు దిండుతో ఎత్తుగా ఉంచితే మూత్రం వీపు వైపు పారదు.

తిప్పడం: పగలు రెండు గంటలకోసారి పక్కకు, వెల్లకిలా, బోర్లా మార్చండి. మడమలు పరుపుకు ఆనకుండా కాలి కింద దిండు పెట్టండి. బోర్లా పడుకోబెట్టినప్పుడు పక్కనే ఉండండి.

తిండి: కట్టు పొట్ట మీద బిగుతుగా ఉంటుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూర ఇవ్వండి. కదలిక లేక మలబద్ధకం వస్తుంది గనుక నీళ్లు, పండ్లు ఎక్కువ ఇవ్వండి.

దురద: పుల్ల, దువ్వెన, పుడక లోపలికి పెట్టకండి. పౌడరు, నూనె వేయకండి. ఫ్యాను గాలి తగలనివ్వండి. తింటున్నప్పుడు మెడ నుండి గుడ్డ కప్పండి. మరమరాలు, శనగలు, ఆట పూసలు లోపలికి జారితే పుండ్లు పడతాయి.

ప్రయాణం: ద్విచక్ర వాహనం మీద తీసుకురాకండి. బిడ్డ పడుకోగలిగే బండిలో రండి.

ఈ గుర్తులు కనిపిస్తే అర్ధరాత్రయినా రండి

కాలివేళ్లు వాచడం, నీలంగానో తెల్లగానో మారడం, చల్లబడటం, కదపలేకపోవడం. మందు వేసినా నొప్పి పెరుగుతూ బిడ్డ ఏడుపు ఆపకపోవడం. పొట్ట ఉబ్బి, మళ్లీ మళ్లీ వాంతులు. జ్వరం. కట్టులోంచి చెడు వాసన, తడి. కట్టు పగలడం, మెత్తబడటం. రోజుకు నాలుగైదుసార్లు వేళ్లు చూడండి. గోరు నొక్కి వదిలితే వెంటనే ఎర్రబడాలి. వాసన వస్తే సిగ్గుపడకండి. మిమ్మల్ని ఎవరూ తిట్టరు.

ఎక్స్‌రే చూసి భయపడేవారికి

మొదటి రెండు మూడు వారాలు ఎముక పక్కకు జరగవచ్చు గనుక వారానికోసారి ఎక్స్‌రే తీస్తారు. తప్పకుండా రావాలి. "ఎముక ఎదురెదురుగా లేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కింది" అని తండ్రులు ఆ ఫిల్ము తీసుకుని వేరే ఆసుపత్రులకు పరుగెత్తడం చూశాము. విరిగిన తొడ ఎముకకు ఎక్కువ రక్తం అందడం వల్ల, తర్వాతి రెండేళ్లలో అది రెండో కాలికంటే సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ పెరగవచ్చు. అందుకే రెండు సెంటీమీటర్ల లోపు పొట్టితనాన్ని డాక్టరుగారు అలాగే ఉండనిస్తారు. కొద్దిపాటి వంకర కూడా ఎదుగుదలలో సర్దుకుంటుంది. అయితే కాలు మెలి తిరిగి అతికితే అంత సులువుగా సర్దుకోదు. అందుకే కట్టు వేసేటప్పుడే దాన్ని జాగ్రత్తగా చూస్తారు.

కట్టు తీశాక

కోసే మిషను పెద్ద శబ్దం చేస్తుంది గాని దాని చక్రం గిర్రున తిరగదు, అదురుతుంది అంతే. బిడ్డకు ముందే చెప్పి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. కాలు సన్నబడి, చర్మం పొరలు ఊడుతూ ఉంటుంది. గోరువెచ్చని నీళ్లతో స్నానం, కొద్దిగా కొబ్బరినూనె చాలు. బలవంతంగా మోకాలు వంచకండి, మాలిషు చేయించకండి. బిడ్డ తనంతట తానే పాకి, పట్టుకుని నిలబడి, నడుస్తాడు. కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు కుంటుతాడు. అది మామూలే. నొప్పి ఉన్నా, కుంటు తగ్గకుండా పెరుగుతున్నా తీసుకురండి.

మెఫీబోషెతు పడిన నాటికి ఇటువంటి కట్టు లేదు. పి.ఓ.పి. పట్టీలతో కట్టు వేసే పద్ధతిని ఆంటోనియస్ మాతైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు 1852లో ప్రకటించాడు. ఆ కట్టు ఈనాడు మన బిడ్డలకు దొరుకుతోంది. బిడ్డ పడినందుకు తల్లిని నిందించే నోళ్లు కాస్త ఆగి, రాత్రి రెండింటికి డైపరు మార్చడానికి లేస్తే అదే ఆమెకు నిజమైన సహాయం.

కట్టులో ఉన్న చిన్నారులందరి కోసం, వారిని మోస్తున్న చేతుల కోసం ప్రార్థిస్తున్నాము.