లెక్కల గుమాస్తాకు ఇనప్పెట్టె తాళంచెవులా?

ఒక కొట్టు యజమాని, రోజుకు ఎంతమంది వచ్చిపోతున్నారో లెక్కబెట్టడానికి ఒక గుమాస్తాను పెట్టుకున్నాడనుకోండి. గుమ్మం దగ్గర కూర్చుని లెక్క రాసుకోవటమే అతని పని. అటువంటి మనిషి చేతికి ఇనప్పెట్టె తాళంచెవులు ఎవరైనా ఇస్తారా? ఇవ్వరు. కాని వెబ్‌సైట్ల విషయంలో మనం సరిగ్గా ఆ పనే చేస్తున్నాము.

ఈ ఏడు మన యూనియన్ వెబ్‌సైటును ఎందరు చూస్తున్నారో తెలుసుకోవటానికి ఒక ప్లగిన్ పెడదామని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. ఆ సైటులోనే పూర్వవిద్యార్థుల చిరునామాలు, ఫోను నంబర్లు భద్రపరచి వున్నాయి. మనల్ని నమ్మి వారు ఇచ్చిన వివరాలవి. కావున, పెట్టేముందు ప్రమాదాన్ని ఎట్లా అంచనా వెయ్యాలో చూద్దాం.

ప్లగిన్ అధికారం ఎంత?

వర్డ్‌ప్రెస్ అనేది 2003లో వెలువడిన, ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్. దానికి అదనపు పనులు నేర్పే ప్రోగ్రామునే ప్లగిన్ అంటారు. ముఖ్యంగా గుర్తుంచుకోవలసిందేమంటే, వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్‌కు వేరే గది అంటూ లేదు. సైటుకు ఎంత అధికారం వున్నదో దానికీ అంతే. డేటాబేసు మొత్తం చదవగలదు, మార్చగలదు. ప్లగిన్ రాసినవారు దుర్మార్గులు కానక్కరలేదు. ఒక్కచోట ఏమరితే చాలు, ఆ సందులోంచి దొంగ దూరుతాడు.

జరిగిన మూడు సంగతులు

1. స్లిమ్‌స్టాట్ అనే లెక్కల ప్లగిన్‌లో లోపాన్ని 2015 ఫిబ్రవరిలో సుకూరి సంస్థ బయటపెట్టింది. ఆ ప్లగిన్ వాడే రహస్య తాళం ఏమిటంటే, దాన్ని సైటులో పెట్టిన సమయాన్ని ఎండీ5 సూత్రంతో మార్చిన రూపం. సైటు ఏ సంవత్సరంలో మొదలైందో కనుక్కోవటం కష్టం కాదు. సంవత్సరానికి సెకన్లు ఎన్ని? 365 × 24 × 3,600 = 3,15,36,000. మూడు కోట్లంటే మనకు పెద్ద సంఖ్యే గాని, కంప్యూటరుకు పది నిమిషాల పని! తాళం దొరికితే డేటాబేసును తనకిష్టమైన ప్రశ్నలు అడగవచ్చు. దీనిని 3.9.6 వెర్షనులో సరిచేశారు.

2. డబ్ల్యూపీ స్టాటిస్టిక్స్ ప్లగిన్ ఆరు లక్షలకు పైగా సైట్లలో వున్నది. లాగిన్ కానివాడు కూడా డేటాబేసును ప్రశ్నించగల లోపం అందులో వున్నట్లు 2021 మార్చిలో వర్డ్‌ఫెన్స్ సంస్థ కనిపెట్టింది. ఇందులో జవాబు తెరమీద కనబడదు. “అక్షరం ఫలానా సగంలో వుంటే మూడు సెకన్లు నిద్రపో” అని దొంగ అడుగుతాడు. జవాబు ఆలస్యంగా వస్తే అవుననీ, వెంటనే వస్తే కాదనీ అర్థం. సగం సగం చేసుకుంటూ పోతే 128 గుర్తులలో ఒకదాన్ని పట్టుకోవటానికి 7 ప్రశ్నలు చాలు (2 × 2 × 2 × 2 × 2 × 2 × 2 = 128). అప్పటి వర్డ్‌ప్రెస్ పాస్‌వర్డు సంకేతం 34 అక్షరాలు. అంటే 238 ప్రశ్నలు! ఈ లోపాన్ని అదే నెలలో 13.0.8 వెర్షనులో సరిచేశారు.

3. అదే ప్లగిన్‌లో 2024లో మరొక లోపం బయటపడింది. వచ్చినవాడు ఏ పేజీ అడిగాడో ప్లగిన్ రాసుకుంటుంది గదా! ఆ పేజీ చిరునామాలోనే దొంగ ఒక స్క్రిప్టును ఇరికిస్తాడు. ఆ లెక్కలు నిర్వాహకుడు తెరిచి చూసినపుడు, స్క్రిప్టు ఆయన అధికారంతోనే నడుస్తుంది. ఇటువంటి దాడులలో కొత్త నిర్వాహక ఖాతాలు సృష్టిస్తున్నట్లు ఆ యేడాది మేలో ఫాస్ట్‌లీ సంస్థ తెలిపింది. అపరిచితులు సంతకం చేసే రిజిస్టరులోని ప్రతి మాటనూ ఆజ్ఞగా పాటిస్తే ఏమవుతుంది? ఇదీ అంతే.

మరి ప్లగిన్ మానేస్తే?

ప్లగిన్ వద్దు, బయటి సంస్థ స్క్రిప్టును పేజీలో పెడదామంటారు కొందరు. అప్పుడు డేటాబేసు భయం తగ్గుతుంది గాని వేరొకటి వస్తుంది. 2018 నవంబరులో స్టాట్‌కౌంటర్ స్క్రిప్టునే దుండగులు మార్చివేసి, గేట్.ఐఓ అనే బిట్‌కాయిన్ మారకపు సైటుకు గురిపెట్టారు. ఆ స్క్రిప్టు వాడుతున్న సైట్లు ఇరవై లక్షలకు పైనే. అనగా మన ఇంటి భద్రత పొరుగింటి తలుపు మీద ఆధారపడినట్లయింది.

అంచనా వేసే పద్ధతి

ప్రమాదమంటే రెండింటి లబ్ధం: జరిగే అవకాశం, జరిగితే కలిగే నష్టం. ఒకటి తక్కువైనా రెండోది ఎక్కువైతే లబ్ధం పెద్దదే. కావున ఈ ప్రశ్నలు వేసుకోవాలి.

అ) అసలు అవసరమా? సర్వరు తనంతట తానే వచ్చినవారి చిట్టా రాస్తూనే వుంటుంది. రోజువారీ లెక్కకు అది చాలవచ్చు.

ఆ) అదే సైటులో పోగొట్టుకోకూడనివి ఏమున్నాయి?

ఇ) ప్లగిన్‌ను చివరిసారి ఎప్పుడు సరిచేశారు? లోపం బయటపడటం తప్పు కాదు. వెంటనే దిద్దకపోవటం తప్పు.

ఈ) కొత్త వెర్షను రాగానే మార్చే బాధ్యత ఎవరిది? సెలవుల్లో ఎవరు చూస్తారు?

ఉ) వాడటం మానేసిన ప్లగిన్‌ను పూర్తిగా తొలగించారా? ఆపి వదిలేస్తే దాని ఫైళ్ళు సర్వరులోనే పడి వుంటాయి.

ఊ) సైటు నకలు వేరేచోట దాచారా?

మన సంగతికి వస్తే, (ఆ)కు జవాబు పూర్వవిద్యార్థుల వివరాలు. (ఈ)కి జవాబు లేదు, ఎందుకంటే యూనియన్ ప్రతి ఏడూ మారుతుంది. అందుచేత నా అభిప్రాయం ఇది. ముందు ఆ వివరాలను ఈ సైటులోంచి తీసి వేరుగా భద్రపరచాలి. ఒక లెక్చరరు పర్యవేక్షణలో బాధ్యుణ్ణి నియమించాలి. అంతవరకు సర్వరు చిట్టాతో సరిపెట్టుకుందాం. ఎందరు చూశారన్నది తెలియకపోతే మనకు కొంత సరదా తగ్గుతుంది, అంతే. నమ్మకం పోతే మాత్రం మళ్ళీ సంపాదించటం కష్టం. రాబోయే కార్యవర్గం ఈ విషయం ఆలోచిస్తుందని ఆశిస్తున్నాను.